ఫోనులో యాప్ ఎక్కనిచో ఏమి చేయవలెను?

వాతావరణ సలహాలకు మేఘదూత్, పి.ఎం. కిసాన్ వాయిదాల వివరములకు ఆ పథకపు యాప్ నేడు అనేకమంది రైతుల ఫోనులలో ఉన్నవి. మందు కొట్టదలచిన రోజుననే యాప్ "అప్‌డేట్ చేయండి" అని మొరాయించి, ఆ అప్‌డేట్ కాస్తా ఎక్కకపోయినచో విసుగు పుట్టుట సహజము. అయినను మీట మీద మీట నొక్కుట వలన ప్రయోజనము లేదు. వరి ఆకు పసుపుబారినప్పుడు నత్రజని లోపమా, జింకు లోపమా, నీరు నిలిచినదా అని చూడక యూరియా చల్లరు గదా! ఇచటను మొదట తెరపై వచ్చిన మాటను చదువవలెను.

"స్థలము చాలదు" అను మాట తరచుగా వచ్చును. వాట్సాప్‌లో వచ్చిన పెండ్లి వీడియోలే ఇందుకు చాలవరకు కారణము. యాప్ చిన్నదైనను, దిగిన ఫైలును విప్పి అమర్చుటకు అదనపు చోటు కావలెను. కనీసము 1 జి.బి. ఖాళీ ఉంచుడు.

"పెండింగ్" అని నిలిచినచో, ఇతర యాప్‌లు వరుసలో ముందున్నవేమో చూచి వాటిని ఆపవలెను. వైఫై ఉన్నప్పుడే దించునట్లు అమరిక ఉన్నదేమో కూడ చూడవలెను. అప్పటికిని కదలనిచో సెట్టింగ్స్‌లో యాప్స్, అందు గూగుల్ ప్లే స్టోర్, స్టోరేజి తెరచి "క్లియర్ క్యాష్" నొక్కుడు. క్యాష్ తాత్కాలికపు నిల్వ మాత్రమే. పోయినను నష్టము లేదు. ప్రక్కనే ఉండు "క్లియర్ డేటా" వేరు. పాల లెక్కలు, కూలి లెక్కలు వ్రాసుకొను యాప్‌లో డేటా తుడిచినను, యాప్‌నే తీసివేసినను, వేరొకచోట నకలు లేనిచో ఆ లెక్కలు తిరిగి రావు.

ఫోను తేదీ తప్పుగా ఉన్నను ప్లే స్టోరు పనిచేయకపోవచ్చును. తేదీ, సమయము ఆటోమేటిక్‌గా ఉండునట్లు పెట్టవలెను. "ఈ పరికరమునకు సరిపడదు" అన్నచో ఆండ్రాయిడ్ పాతదై ఉండవచ్చును. ఫోనుకే అప్‌డేట్ ఉన్నదేమో చూడుడు. లేనిచో పి.ఎం. కిసాన్ ఇ-కెవైసీని కామన్ సర్వీస్ సెంటరులో వేలిముద్రతో చేయించుకొనవచ్చును.

ఇక "యాప్ ఇన్‌స్టాల్ కాలేదు" అను మాట. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఎ.పి.కె. ఫైలును నొక్కినప్పుడు ఇది వచ్చినచో చేయి ఆపుడు. ప్రతి యాప్‌కును విత్తన సంచి సీలువలె తయారీదారుని డిజిటల్ సంతకము ఉండును. ఉన్న యాప్ సంతకముతో క్రొత్తదాని సంతకము కలియనిచో ఆండ్రాయిడ్ దానిని త్రోసిపుచ్చును. అట్టి సమయమున అసలు యాప్‌ను తీసివేసి ఆ ఫైలును ఎక్కించుట, దొంగకు తాళపుచెవి ఇచ్చుటయే. పి.ఎం. కిసాన్ పేరుతో ఇట్టి నకిలీ ఫైలులు ఇటీవలి సంవత్సరములలో తిరిగినవి. ఇవి సందేశములు చదువుటకు అనుమతి అడిగి, బ్యాంకు ఓ.టి.పి.ని దొంగిలించి ఖాతా ఖాళీ చేయును. 2,000 రూపాయల వాయిదాకై పంట సొమ్మంతయు పోగొట్టుకొనవలసి వచ్చును. ప్లే ప్రొటెక్ట్‌ను ఆపుమని ఎవరు చెప్పినను వినరాదు.

పొరపాటున ఎక్కించి ఉన్నచో వెంటనే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరొక ఫోను నుండి మీ బ్యాంకుకును, సైబరు నేరముల సహాయ సంఖ్య 1930కును తెలుపుడు. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును నిలిపివేయు అవకాశము అంత ఎక్కువ. ఆ పిమ్మటనే నకిలీ యాప్‌ను తొలగించి, వేరొక ఫోనులో పాస్‌వర్డులు మార్చుకొనవలెను.