మనసు బాగాలేనప్పుడు నమాజు

డిప్రెషన్‌తో మంచం దిగలేకపోతున్న ముస్లిం కుర్రాడికి ఇంట్లో తరచు వినబడే మాట ఒకటుంది: నమాజు మానేశావు, అందుకే ఇలా అయ్యావు అని. అనేవాళ్లకు ప్రేమ లేక కాదు. కానీ ఆ నిందకు ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఆధారం వెతికితే అక్కడ కనిపించే దారి వేరు. నమాజు ఎవరికి విధి అన్న ప్రశ్నకు పండితులు పెట్టిన షరతుల్లో యుక్తవయసుతోపాటు మతి స్వాధీనంలో ఉండటమూ ఒకటి. నిద్రలో ఉన్నవాడు లేచేదాకా, పసివాడు ఎదిగేదాకా, మతి తప్పినవాడు కోలుకునేదాకా వారి పేరిట ఏ తప్పూ రాయరని అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లోని హదీసు చెబుతుంది. మన దేశంలో ఎక్కువమంది ముస్లింలు పాటించే హనఫీ ధర్మశాస్త్ర మార్గం దీనికి లెక్క కూడా కట్టింది. మతి తప్పిన స్థితి ఐదు నమాజుల వేళలకు మించి సాగితే ఆ నమాజులకు ఖజా, అంటే తర్వాత తీర్చుకోవాల్సిన బాకీ, ఉండదు. ఆలోపే కోలుకుంటే తప్పిపోయినవి తర్వాత చదువుకోవాలి. మూడు నెలలపాటు పూర్తిగా మతి తప్పి, చికిత్సతో తేరుకున్న మనిషి నెత్తిన దాదాపు 450 నమాజుల బాకీ పడకుండా ఆ నియమం కాపాడుతుంది.

డిప్రెషన్ మతిభ్రమణం కాదు కదా అంటారు. నిజమే, మతి స్వాధీనంలో ఉన్నంతకాలం విధి రద్దు కాదు. కానీ దాన్ని నెరవేర్చే తీరు మారుతుంది. మూలవ్యాధితో బాధపడుతున్న ఇమ్రాన్ బిన్ హుసైన్‌కు ప్రవక్త నిలబడి, కుదరకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు తిరిగి పడుకుని నమాజు చేయమన్నట్టు బుఖారీ గ్రంథంలో ఉంది. అది ఒంటి జబ్బు గురించి చెప్పిందే అయినా, లేచి నిలబడే శక్తిని కూడా లాగేసుకునే డిప్రెషన్‌ను ఆ సడలింపుకు బయట ఉంచడానికి నాకు కారణం కనబడదు. జబ్బు తీవ్రంగా ఉంటే మధ్యాహ్నపు జుహర్‌ను సాయంత్రపు అసర్‌తో, సూర్యాస్తమయపు మగ్రిబ్‌ను రాత్రి ఇషాతో కలిపి చేయడానికి హంబలీ మార్గం ఒప్పుకుంటుంది. హనఫీ మార్గం ఒప్పుకోదు. అందుకే రోగి ఏ మార్గం వాడో, జబ్బు ఏ స్థాయిలో ఉందో రెండూ తెలిసిన ముఫ్తీని, అంటే ధర్మసందేహాలకు తీర్పు చెప్పే పండితుణ్ణి, అడగాలి.

వస్వసా, అంటే వదలని అనుమానాల సంగతి ఇంకా లోతైనది. నమాజుకు ముందు చేసే వుజూ (శుద్ధి) సరిగా అయిందో లేదోనని చేతులు మళ్లీ మళ్లీ కడగడం, నమాజు మొదట్లో అల్లాహు అక్బర్ అనే తక్బీర్ పలికింది చాలలేదని మొదటికి రావడం, ఎన్ని రకాతులు (నమాజు భాగాలు) అయ్యాయో తేలక నమాజు తెంచి మళ్లీ మొదలుపెట్టడం. నేటి వైద్యులు ఓసీడీగా గుర్తించే ఈ బాధ పాత పండితులకు బాగా తెలుసు. 934లో చనిపోయిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి రాసిన ఆరోగ్య గ్రంథంలో దీన్ని మనోవ్యాధుల్లో చేర్చాడు. 1223లో చనిపోయిన ఇబ్న్ ఖుదామా వస్వసాను ఖండిస్తూ ఏకంగా ఒక పుస్తకం రాశాడు. రోజూ అనుమానాలు ముసిరేవాడు వాటిని పట్టించుకోకుండా నమాజు పూర్తి చేయాలన్నది మాలికీ పండితుల తీర్పు. అంటే అతిగా చేయడాన్ని వాళ్లు భక్తిగా లెక్కించలేదు. చేసిందే మళ్లీ చేయాలన్న ఒత్తిడికి లొంగకుండా రోగిని అలవాటు చేసే ఇప్పటి చికిత్స నడిచేదీ ఇటువైపే. అయితే పాత గ్రంథాలు చాలావరకు వస్వసాను షైతాను పనిగా చెప్పాయి. ఆ మాట విన్న రోగి తన ఈమాన్‌నే (విశ్వాసాన్నే) అనుమానించుకుని మరింత కుంగిపోవచ్చు. పట్టించుకోకు అని ఒకసారి చెప్పి పంపితే చాలదు. అలా పట్టించుకోకుండా ఉండటం నేర్పే వైద్యుడు కావాలి.

ఇలా వదిలేస్తే బద్ధకస్తులందరూ రోగం పేరు చెబుతారని కొందరి భయం. కానీ ఓసీడీ రోగి బాధంతా ఎక్కువ చేయడం వల్లే. డిప్రెషన్ రోగి చేయని తప్పుకు కూడా కుమిలిపోతుంటాడు, ఆ అపరాధభావం జబ్బు లక్షణాల్లో ఒకటి. వీళ్లకు సాకులు వెతుక్కునే ఓపిక ఎక్కడిది? మినహాయింపు అంటే నిషేధమూ కాదు. నమాజు మనసుకు ఊరటనిస్తుంటే ఎవరూ ఆపరు. ఆపకూడనిది మందు. రాత్రి మాత్ర మత్తులో తెల్లవారుజామున చేసే ఫజర్ నమాజు తప్పిపోతోందని దాన్ని మానేసి జబ్బు తిరగబెట్టుకునేవాళ్లున్నారు. నిద్రలో వేళ దాటిపోతే లేవగానే చేసుకోమని హదీసే అంటోంది. మాత్రను ఇంకాస్త ముందుగా, ఇషా కాగానే వేసుకోవచ్చా అని డాక్టరును అడిగితే చాలాసార్లు ఆ చిక్కు కూడా తీరుతుంది.