పవర్‌పాయింట్ యాడ్-ఇన్‌ను ఆపేసిందా? సెక్యూరిటీ తీసేయకండి
చిరాగ్‌పల్లి (జహీరాబాద్): రేపు సెమినార్. నెట్ నుంచి దించుకున్న యాడ్-ఇన్‌ను పవర్‌పాయింట్ తెరవనివ్వడం లేదు. అలాంటప్పుడు తొందరపడి మాక్రోలన్నింటికీ అనుమతి ఇస్తే, ఆ తర్వాత హానికరమైన మాక్రోలు కూడా అడక్కుండానే నడిచే ప్రమాదం ఉంది. పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు మోసగాళ్ల చేతికి పోవచ్చు.

ఎందుకు ఆపుతోంది?
ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైల్‌కు విండోస్ ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తున్న మాక్రోలను ఆఫీస్ 2022 నుంచి తనంతట తానే అడ్డుకుంటోంది.

ఏం చేయాలి?
తయారుచేసినవారిపై నమ్మకం ఉంటేనే పవర్‌పాయింట్ మూసేసి, ఫైల్‌పై రైట్ క్లిక్ చేయండి. ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' టిక్ చేసి ఓకే నొక్కండి. అయినా రాకపోతే ఆప్షన్స్‌లోని యాడ్-ఇన్స్‌కు వెళ్లి 'డిసేబుల్డ్ ఐటమ్స్' చూడండి. కాలేజీ కంప్యూటర్ అయితే ల్యాబ్ ఇన్‌చార్జినే అడగాలి.