అత్తిరంపాక్కము రాతి పనిముట్లు - కాలనిర్ణయము

తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో, కొర్తలైయారు పరీవాహప్రాంతమున అత్తిరంపాక్కము అను గ్రామము గలదు. 1863లో భూగర్భశాస్త్రజ్ఞులైన రాబర్టు బ్రూస్ ఫుట్, విలియం కింగు అచ్చట రాతి చేగొడ్డళ్ళను కనుగొనిరి. అవి ఏనాటివన్న ప్రశ్నకు అంకెలతో కూడిన సమాధానము 2011లో గాని లభింపలేదు. ఇంతటి ఆలస్యమునకు కారణము పదార్థముననే యున్నది.

ఈ పనిముట్లు క్వార్ట్‌జైటు రాతితో చేయబడినవి. ఆ రాయి కోట్ల యేండ్లనాటిది. దాని వయస్సు తెలిసినను చెక్కినవాని కాలము తెలియదు. కర్బన-14 పద్ధతి జీవావశేషములకే చెల్లును, అదియు సుమారు ఏబదివేల యేండ్ల వరకే. నంద్యాల జిల్లా జ్వాలాపురమున సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతము సుమారు 74,000 ఏండ్ల క్రిందట వెదజల్లిన బూడిద పొరగా నిలచినది. దాని క్రిందను మీదను పనిముట్లు దొరకుటచే అచ్చట పని కొంత సులువైనది. అత్తిరంపాక్కపు చేగొడ్డళ్ళ పొరల విషయమున అట్టి సాయము లేకపోయెను.

1999లో శాంతి పప్పు ప్రారంభించిన త్రవ్వకములలో లభించిన పనిముట్లనే నేరుగా పరీక్షించిరి. నేలపైనున్న క్వార్ట్‌జుపై విశ్వకిరణములు పడినపుడు అందు అల్యూమినియం-26, బెరిలియం-10 అను పరమాణువులు పుట్టును. రాయి లోతుగా పూడిపోయినంతనే ఆ ఉత్పత్తి దాదాపు నిలచిపోవును, ఉన్నవి క్షీణింపసాగును. మొదటిదాని అర్ధాయువు సుమారు 7 లక్షల ఏండ్లు, రెండవదానిది సుమారు 14 లక్షలు. కావున వాని నిష్పత్తి ఎంత పడిపోయినదో కొలిచినచో, రాయి పూడి ఎంతకాలమైనదో తేలును. సగటున 15.1 లక్షల ఏండ్లని, దోషపరిమితి 70 వేలని తేలినది.

అయితే ఇందొక చిక్కు గలదు. మానవుడు ఏరుకొనకముందే ఆ రాయి ఎచ్చటనో చిరకాలము పూడియుండినచో, లెక్క అసలుకంటె ఎక్కువ చూపును. అందుచే మరొక సాక్ష్యము అవసరమైనది. చేగొడ్డళ్ళున్న బంకమట్టిలోని అయస్కాంతదిశ నేటిదానికి విపరీతముగా నుండెను. భూమి ధ్రువములు కడపట తారుమారైనది సుమారు 7.8 లక్షల ఏండ్ల క్రిందట. మన్ను అంతకు పూర్వపుదనుట నిశ్చయము. ధ్రువములు పలుమార్లు తారుమారైనవి గనుక ఈ సాక్ష్యము ఒంటరిగా అంకెను చెప్పజాలదు. రెంటిని జోడించియే, 10.7 లక్షల ఏండ్లకు తక్కువ గాదని పరిశోధకులు నిర్ణయించిరి. 15 లక్షలను పట్టుకొనుటకంటె ఈ కనీసపు హద్దును గ్రహించుటయే యుక్తమని మేము తలచుచున్నాము.

పైపొరల సంగతి వేరు. మట్టిరేణువులు కడపట సూర్యకాంతిని చూచిన కాలమును కొలిచి, అచ్చట మధ్య ప్రాచీనశిలాయుగ పద్ధతి సుమారు 3,85,000 ఏండ్ల క్రిందట ఆరంభమైనదని 2018లో ప్రకటించిరి. ఈ అంకెకు దోషపరిమితి అటునిటు 64,000 ఏండ్లు. ఉదాహరించువారు దీనిని విడువరాదు.