ఇంగ్లీషు సంభాషణమును అమెరికావారి దినచర్యయును

మన విద్యార్థులు ఎన్నియో యేండ్లుగా ఇంగ్లీషు చదువుచున్నారు. కర్తరి వాక్యమును కర్మణిగా మార్చుమన్న నిమిషములో మార్చెదరు. వ్యాసము వ్రాయుమన్న రెండు పుటలు నింపెదరు. అట్టివారినే ఒక యతిథి 'వాట్ ఉడ్ యూ లైక్ టు డ్రింక్?' అని యడిగినచో తలవంచుకొని నేల చూచుచుందురు. ఆ వాక్యములో వారెఱుగని మాట యొక్కటియు లేదు. అయినను నోరు పెగలదు.

ఈ మౌనమునకు సిగ్గే కారణమని తల్లిదండ్రులు చెప్పెదరు. సిగ్గును కొంత యుండవచ్చును. కాని మేము తరగతులలో చూచినంతవఱకు దీనికి రెండు వేళ్ళు గలవు. నోటికి అలవాటు లేకపోవుట యొకటి. ఆ మాటలు పుట్టిన యింటిని, వీధిని, భోజనపుబల్లను మన మెఱుగకుండుట రెండవది. మొదటిది అందఱును చెప్పునదే. రెండవదానిని గూర్చియే యిచ్చట నెక్కువగా వ్రాయదలచితిమి. ఉదాహరణములకు అమెరికా దేశమును గైకొంటిమి. ఏలయన, నేడు మన విద్యార్థులలో పలువురకు ఆ దేశమున అన్నయో, అక్కయో, మేనమామయో కలరు. వారి యిండ్లకు మన పెద్దలును పోయి వచ్చుచున్నారు.

మొట్టమొదట పలకరింపును చూడుడు. అమెరికావాడు దారిలో ఎదురుపడి 'హౌ ఆర్ యూ?' అనును. మనవాడు నిలిచి, నిన్నటి తలనొప్పిని, మొన్నటి పడిశమును చెప్ప మొదలుపెట్టును. అంతలో అడిగినవాడు పది యడుగులు సాగిపోవును. అది క్షేమసమాచారమును విచారించుట కాదు; నమస్కారము వంటిది. 'ఫైన్, థాంక్యూ. హౌ ఆర్ యూ?' అన్న చాలును. మన దేశమునను ఇట్టివి లేకపోలేదు. 'భోజనమైనదా?' యని యడిగినవాడు మన విస్తరి లెక్క చూడవచ్చినవాడు కాడు గదా! అదే మాటను ఇంగ్లీషులోనికి మార్చి యడిగినచో అమెరికావాడు తన్ను భోజనమునకు పిలుచుచున్నారని తలంపవచ్చును.

ఇంతకంటె ముఖ్యమైనది మర్యాద. తెలుగున మర్యాద యెచ్చట నుండును? 'మీరు' అను మాటలో నుండును, 'గారు'లో నుండును, అన్నిటికంటె నెక్కువగా క్రియ చివర తగిలించు 'అండి'లో నుండును. 'కొంచెము మంచినీళ్ళిండి' యని యెంత పెద్దవారినైనను అడుగవచ్చును. అత్తయ్యగారని, బాబాయిగారని వరుస పెట్టి పిలిచితిమేని వేఱు మన్ననయే యక్కఱలేదు. ఇంగ్లీషున నివి యేవియు లేవు. చంటిబిడ్డకును దేశాధ్యక్షునకును 'యూ' ఒక్కటే. మనవాడు 'మంచినీళ్ళిండి' అను మాటను మనసున నుంచుకొని 'గివ్ మీ వాటర్' అనును. 'అండి' దారిలో జాఱిపోయెను! వినువానికి మిగిలినది ఆజ్ఞ మాత్రమే. మనవాడు మిక్కిలి వినయముగా నడిగెను. అమెరికావాడు వీడెవడో మొఱకువాడని తలంచెను. ఇద్దఱిలో నెవరియందును దురుద్దేశము లేదు.

ఇంగ్లీషు తన మర్యాదను క్రియకు ముందు పెట్టుకొనును. 'కుడ్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?' అనవలెను. కోరికను ప్రశ్నగా మార్చి, ఎదుటివాడు కాదనుటకు కొంత చోటు విడుచుటయే యచ్చటి మన్నన. ఈ కీలకము తెలిసినచో 'కుడ్', 'ఉడ్' అనువానిని వ్యాకరణ పుస్తకములో భూతకాలపు రూపములని చదివి తికమకపడ నక్కఱలేదు. అవి మన 'అండి'కి దూరపు చుట్టములని తలంచిన చాలును. అయితే ఈ చుట్టము ఒకొక్కప్పుడు చిక్కు తెచ్చును. బల్లపై కూర్చున్న మనవానిని ఒకడు 'డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?' అని యడిగెననుకొందము. మనవాడు చిఱునవ్వుతో 'యస్, యస్' అని చోటు చూపును. అడిగినదేమో 'నేనిచ్చట కూర్చుండుట మీకు కష్టమా?' యని, చెప్పిన యుత్తరము 'కష్టమే, కష్టమే' యని! 'నాట్ అట్ ఆల్' అనుట సరియైన మాట.

కృతజ్ఞత చెప్పుటయు నిట్టిదే. అమెరికా పిల్లవాడు అన్నపుబల్ల వద్ద ఉప్పు అందించిన తల్లికి 'థాంక్యూ' అనును. బస్సు దిగునప్పుడు నడిపినవానికిని అనును. మన యింట తల్లికి కృతజ్ఞత చెప్పినచో ఆమె యేమి జ్వరమో యని నుదుట చేయి వేసి చూచును. మన ప్రేమ మాటలలో గాక చేతలలో నుండునని మన యభిమానము. అది మంచిదే. కాని వారి బల్ల వద్ద కూర్చున్నప్పుడు వారి నాణెమునే చెల్లింపవలెను.

పేరు వ్రాయుటలోను ఆంధ్రులకు ప్రత్యేకమైన చిక్కు కలదు. మనకు ఇంటిపేరు మొదట, సొంతపేరు తరువాత. వారికి సొంతపేరు మొదట, ఇంటిపేరు చివర. కావుననే వారి దరఖాస్తులలో 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని యుండును. మొదటి పేరన్నారు గదా యని మనవాడు ఇంటిపేరు వ్రాసినచో, నాటినుండి కాగితములన్నిటిలోను తాతముత్తాతల పేరే యతని పిలుపు పేరగును.

ఇక చదువవలసిన పుస్తకములను గూర్చి. అమెరికా జీవనమును దెలిసికొనగోరి పలువురు లారా ఇంగల్స్ వైల్డర్ 1932లో ప్రకటించిన 'లిటిల్ హౌస్ ఇన్ ది బిగ్ వుడ్స్' మొదలు పెట్టెదరు. చక్కని పుస్తకము, భాషయు సులభము. కాని యది 1870 ప్రాంతములనాటి విస్కాన్సిన్ అడవులలోని సంసారపు కథ. దానినే నేటి అమెరికాయని నమ్మినచో, మన దేశమున నేటికిని అందఱును ఎడ్లబండ్లమీదనే తిరుగుచున్నారని నమ్ము విదేశీయునకును మనకును భేదముండదు.

దినచర్యకు మేము మెచ్చునవి బెవర్లీ క్లియరీ గ్రంథములు. ఈమె 1916లో పుట్టి 2021లో మరణించెను. గ్రంథాలయమున పనిచేయుచుండగా మావంటి పిల్లలనుగూర్చిన పుస్తకము లెచ్చట నున్నవని బాలురు అడుగుటచే ఈమె వ్రాయ నారంభించెను. ఓరెగాన్ రాష్ట్రమున పోర్ట్‌లండు నగరములోని యొక వీధి పిల్లలే ఈమె కథలకు నాయకులు. 1968లో వెలువడిన 'రమోనా ది పెస్ట్' అను పుస్తకమున నొక చిన్న ముచ్చట కలదు. అయిదేండ్ల రమోనా మొదటిదినమున బడికి పోవును. ప్రస్తుతమున కిచ్చట కూర్చుండుమని ఉపాధ్యాయిని చెప్పును. 'ప్రెజెంట్' అను మాటకు ప్రస్తుతమనియు, కానుకయనియు రెండర్థములు గలవు. పాపము, ఆ బిడ్డ కానుక వచ్చునని యా కుర్చీని విడువక కూర్చుండును. ఇంగ్లీషే తల్లిభాషగాగల బిడ్డయే యిట్లు పొరబడినప్పుడు మన విద్యార్థులు ఒక మాట తెలియకపోయెనని క్రుంగుట యేల?

ఇట్టి కథలు చదువునప్పుడు ప్రతి మాటకును నిఘంటువు తెఱువవలదు. మనుష్యు లేమి చేయుచున్నారో చూడుడు. పిల్లలు ఎక్కు పసుపుపచ్చని బస్సు కంటబడును. 1939లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున జరిగిన సభలో ఆ రంగు నిర్ణయింపబడినది. తెల్లవాఱుజామున మసక వెలుతురులోను దానిపై నల్లని యక్షరములు స్పష్టముగా కనబడునని కారణము. ఆ బస్సు ఆగి యెఱ్ఱ దీపములు వెలిగించినప్పుడు, నడుమ విభజనలేని బాటపై రెండువైపుల బండ్లును నిలిచిపోవలెను. 'ఫ్రెష్‌మన్' అనగా తొమ్మిదవ తరగతివాడనియు, 'సోఫొమోర్' అనగా పదవ తరగతివాడనియు తెలియును. నవంబరు నెల నాలుగవ గురువారమున చుట్టపక్కము లందఱును ఒక యింట చేరి సీమకోడి మాంసమును, గుమ్మడికాయ పిండివంటను భుజించుట కనబడును. అది 'థాంక్స్‌గివింగ్' పండుగ. 1863లో అధ్యక్షుడు లింకన్ చేసిన ప్రకటనతో దేశమంతటను ఏటేట జరుగ నారంభించెను. 1941లో చేసిన చట్టము నేటి దినమును స్థిరపఱచెను. ప్రయాణములు, పెద్దల వంటలు, పిల్లల అల్లరి చూడగా మనకు సంక్రాంతి జ్ఞప్తికి వచ్చును; కొత్త యల్లుని యలుక మాత్రము లేదు.

వీధిలోని విశేషములను క్లుప్తముగా చెప్పెదము. వారు నేలమీది యంతస్తునే 'ఫస్ట్ ఫ్లోర్' అందురు. తేదీలో నెల ముందు వచ్చును. వారు 7/4 అని వ్రాసినచో అది జూలై 4, ఏప్రిల్ 7 కాదు. వారి వేడిమి ఫారెన్‌హీటు లెక్క. 70 డిగ్రీలన్న హాయిగా నున్న దినము. పెట్రోలును 'గ్యాస్' అందురు. పెక్కు రాష్ట్రములలో వస్తువుపై వ్రాసిన ధరకు పన్ను వేఱుగా చేరును. భోజనశాలలో వడ్డించినవానికి నూటికి 15 మొదలు 20 వఱకు అదనముగా నిచ్చుట వాడుక. ఇవి తెలియనివాడు భాష వచ్చియు బేరము చెడగొట్టుకొనును.

ఉచ్చారణమును గూర్చి ఒక్క మాట. తెలుగు మాట సాధారణముగా అచ్చుతో ముగియును. అందుచే 'బస్', 'కార్' మన నోట బస్సు, కారు అయినవి. తెలుగు వాక్యములో నది యందమే. ఇంగ్లీషు వాక్యములో మాత్రము చివరి హల్లు వద్దనే నిలువ నేర్వవలెను. అమెరికావారు 'వాటర్' అనునపుడు నడిమి టకారము మన డకారమువలె మెత్తగా వినబడును. కన్నులతో చదివినవానికి ఇది తెలియదు, చెవితో వినవలెను.

పుస్తకపు భాషకును నోటి భాషకును గల యెడము మనకు క్రొత్తది కాదు. 1907 ప్రాంతమున మన ఉత్తర జిల్లాలలో పాఠశాలల తనిఖీదారుగానుండిన యేట్సు అను ఆంగ్లేయుడు తెలుగు నేర్చుకొనుచు, పుస్తకములలోని తెలుగు ఏల జనుల నోట వినబడదని యడిగెను. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారిని కదిలించెను. పంతులుగారు అంతకుముందే సవరలతో మాటలాడి వారి భాషను నేర్చినవారు. 1931లో దానికి ఇంగ్లీషున వ్యాకరణమును ప్రకటించిరి. లిపిలేని భాషను ఆయన చెవితోను నోటితోను నేర్చెను. ఇంతయు చెప్పుచు మేము గ్రాంథికముననే వ్రాయుచున్నామని కొందఱు విద్యార్థులు నవ్వుకొనుచుందురు. నవ్వుకొనవచ్చును.

అభ్యాసమునకు ఇద్దఱును, దినమునకు పది నిమిషములును చాలును. ఒకరు అంగడివాడు, ఒకరు కొనువాడు, మఱునాడు తారుమారు. మాటలాడుచుండగా నడుమ తప్పులు దిద్దరాదు, ముగిసినపిదప చెప్పవచ్చును. టెలిఫోను పాఠమును విడువవలదు. మొగము కనబడదు గనుక అన్నిటిలో కష్టమైనది అదియే. 'ఎవరండీ?' అను మన ప్రశ్నను 'హూ ఆర్ యూ?' అని మార్చినచో కసరినట్లుండును. 'మే ఐ ఆస్క్ హూ ఈజ్ కాలింగ్?' అనవలెను.

తల్లిదండ్రులకు మా విన్నపమును టెలిఫోనును గూర్చినదే. అమెరికాలో బిడ్డల యిండ్లకు పోవు పెద్దలు పగలెల్ల ఒంటరిగా నుందురు. ఆపద వచ్చినపుడు పిలువవలసిన సంఖ్య 'నైన్ వన్ వన్'. ఆ సంఖ్యకు మొదటి పిలుపు 1968లో అలబామా రాష్ట్రపు హేలీవిల్ అను పట్టణమున జరిగెను. పలుకువారు సాధారణముగా మొదట నడుగునది రోగమును గాదు, చోటును. కావున ఇంటి సంఖ్యను, వీధి పేరును, ఊరి పేరును బిగ్గఱగా చెప్పుట ప్రయాణమునకు ముందే అలవడవలెను. అమ్మమ్మ చెప్పుచుండగా మనుమరాలు అవతలివారివలె నడుగుచు వ్రాసికొనవలెను. వ్రాసినది చిరునామాతో సరిపోవువఱకు మరల మరల చెప్పింపవలెను. తరువాత 'మై హస్బెండ్ కెనాట్ బ్రీద్', 'ప్లీజ్ సెండ్ యాన్ ఆంబులెన్స్' వంటి నాలుగైదు వాక్యములు. అవియు తోపనిచో 'తెలుగు' అని భాష పేరైనను చెప్పవలెను; పలుతావుల దుబాసీని ఆ టెలిఫోనులోనికే పిలిపింతురు.