నడుము వ్యాయామము: గోడ మీద కాగితమా, చేతిలో ఫోనా?

ఈ మధ్య కాలములో మన పల్లెల్లో నడుము నొప్పి మాట వినబడని ఇల్లు అరుదైపోయినది. ఆరాధన అయ్యాక ప్రార్థన విన్నపములు చెప్పమన్నప్పుడు లేచేవారిలో ఇద్దరు ముగ్గురైనా నడుము గురించే చెబుతారు. నాట్లు వేసే తల్లులు, ధాన్యము బస్తాలు మోసే అన్నలు, రోజంతా ఆటో నడిపే తమ్ముళ్లు, కుట్టు మిషను ముందు కూర్చునే చెల్లెళ్లు. పట్నము వెళ్లి స్కానింగు తీయించుకుంటే "డిస్కు జారింది" అంటారు. మాత్రలు వ్రాసి, వ్యాయామాలు చెయ్యమంటారు. ఒకచోట బొమ్మలు వేసిన కాగితము చేతిలో పెడతారు. మరొకచోట "ఫోనులో వీడియోలు ఉంటాయి, చూసి చేసుకోండి" అని పంపేస్తారు. ఈ రెండింటిలో ఏది మేలని అడిగే కుటుంబాల కొరకు మేము తెలిసికొన్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా ఆ "జారింది" అనే మాట గురించి. ఆ మాట విని సగము ప్రాణము పోగొట్టుకున్నవారిని మేము చూచాము. నడుము భాగములో అయిదు వెన్నుపూసలు ఉన్నవి. పూసకు పూసకు మధ్య మెత్తని దిండు వంటిది డిస్కు. దాని బయట గట్టి పీచు పొరలు, లోపల జిగురు వంటి గుజ్జు. ఈ దిండు పూసలకు గట్టిగా అంటుకొని ఉంటుంది కాబట్టి ఎక్కడికీ జారిపోదు. బయటి పొర బలహీనపడి లేక చిట్లి, లోపలి గుజ్జు వెనుకకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పక్కనున్న నరమును ఒరుసుకుంటే పిరుదు నుండి పిక్క దాకా, ఒక్కోసారి పాదము దాకా లాగుతుంది. దీనినే సయాటికా అంటారు. ఎక్కువగా అన్నిటికంటె క్రిందనున్న రెండు డిస్కులలోనే ఈ బాధ వస్తుంది.

దేవుడు శరీరములో పెట్టిన ఏర్పాటు ఏమంటే, బయటికి వచ్చిన గుజ్జును చాలామందిలో శరీరమే మెల్లగా కరిగించివేస్తుంది. 1999లో నెదర్లాండ్సు దేశములో 183 మంది సయాటికా రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును రెండు వారాలు మంచము మీదే ఉంచారు. రెండవ గుంపును ఓర్చుకోగలిగినంత వరకు తిరగనిచ్చారు. 12 వారాలు గడిచేసరికి రెండు గుంపులలోను 87 శాతము మందికి నెమ్మది కలిగింది. మంచము పట్టినందువలన అదనముగా ఒరిగినదేమీ లేదు. స్కానింగు కాగితము చూచి బెదరనవసరము లేదనడానికి మరొక సంగతి: 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, వారిలో 52 శాతము మందికి కనీసము ఒక డిస్కు ఉబ్బి కనబడింది. వాళ్లు హాయిగా పని చేసుకుంటున్నారు!

ఇక వ్యాయామముల సంగతి. నొప్పి ఒకటే అయినా నడుములు ఒకటి కావు. న్యూజీలాండు దేశములో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు ఉండేవాడు. 1956లో కాలికి లాగుతున్న నొప్పితో వచ్చిన ఒక రోగిని బల్ల మీద బోర్లా పడుకొనమని చెప్పి ఆయన వేరే పని మీద వెళ్లాడు. ఆ బల్ల తల వైపు పైకెత్తి ఉన్నది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. రోగి అలాగే నడుము వెనుకకు వంగి కొన్ని నిమిషాలు పడుకున్నాడు. మెకంజీ వచ్చి చూచేసరికి, వారాల తరబడి వదలని కాలి నొప్పి తగ్గిందని చెప్పాడు. ఆ రోజులలో నడుమును వెనుకకు వంచితే ప్రమాదమని అనుకునేవారు. అక్కడ మొదలైన పరిశీలనను ఆయన ఏళ్ల తరబడి సాగించి, 1980లో రోగులే ఇంట్లో చదివి చేసుకునేలా ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించాడు. ఈనాడు మనకిచ్చే కాగితాల మీద బోర్లా పడుకొని మోచేతుల మీద లేచే బొమ్మ కనబడితే, అది ఆయన పద్ధతి నుండి వచ్చినదే.

అయితే అది అందరికీ పనికిరాదు. ఒకే ఇంట్లో తండ్రికి డెబ్బై ఏళ్లు, కొడుక్కి ముప్పై అయిదు ఏళ్లు అనుకోండి. ఇద్దరికీ నడుము నొప్పి, ఇద్దరికీ కాలు లాగుట. కొడుకు ముందుకు వంగితే, ఎక్కువ సేపు కూర్చుంటే నొప్పి పెరుగుతుంది. ఇతనిది డిస్కు ఉబ్బు. తండ్రి నాలుగు అడుగులు వేయగానే కాళ్లు బరువెక్కి, సైకిలు హాండిలు మీద వంగితే నెమ్మదిస్తాడు. ఈయనకు వయసు వలన నరములు వెళ్లే దారి ఇరుకైనది. కొడుక్కి మేలు చేసే వెనుకకు వంచే వ్యాయామము తండ్రికి బాధ పెంచవచ్చును. ఇక ఎముకలు పలుచబడిన నాయనమ్మ వీళ్లను చూచి, కాళ్లు చాపుకొని కూర్చుని ముందుకు వంగి బొటనవ్రేళ్లు పట్టుకొనబోతే పూస నలిగే ప్రమాదము కూడా ఉన్నది.

యూట్యూబులోని మనిషికి తన ఎదుట పడుకున్నది కొడుకో, తండ్రో, నాయనమ్మో తెలియదు. "ఈ అయిదు చేస్తే డిస్కు మాయము" అని అందరికీ ఒకే మాట చెబుతాడు. హైదరాబాదులోనో దుబాయిలోనో ఉద్యోగము చేస్తున్న కొడుకు ప్రేమతో వాట్సాపులో వీడియో పంపిస్తాడు, అమ్మ దానినే చేస్తుంది. ఒక వీడియో అవగానే దాని వెనుక మరొకటి తనంతట తానే మొదలవుతుంది. ఈ రోజు ఒక ఆయన, రేపు ఇంకొక ఆవిడ. వారము తిరిగేసరికి ఏది మేలు చేసిందో ఏది చెరిపిందో చెప్పలేని స్థితి. పైగా చాలా ఇళ్లలో ఫోను ఉదయమే కొడుకు జేబులో పనికి వెళ్లిపోతుంది!

అలాగని కాగితమును పొగడబోవుట లేదు. మా ఎరుకలో ఒక ఊరిలో ఒకరికిచ్చిన వ్యాయామముల కాగితము జిరాక్సులై పది ఇళ్లు తిరిగినది. అప్పుడు దానికీ వీడియోకూ తేడా ఏమున్నది? కాగితము మీద బొమ్మ కదలదు. ఎంత వరకు లేవాలో, ఊపిరి ఎప్పుడు వదలాలో, తుంటి నేలకు ఆనాలో లేవాలో గీతల బొమ్మ చెప్పలేదు. చాలా కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. అవి రేషను కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులోకి చేరి మరుసటి సంవత్సరము కనబడతాయి. కదలికను చూపించుటలో ఫోనుకు సాటి లేదని ఒప్పుకొనక తప్పదు.

ఆస్ట్రేలియాలో ఎముకల, కండరాల బాధలున్న 80 మందితో ఈ విషయమే పరీక్షించి 2017లో ప్రకటించారు. సగము మందికి కాగితము ఇచ్చారు. మిగతా సగము మందికి ఫోనులో వ్యాయామములు పెట్టారు. వాటిని చికిత్స చేసేవారే రోగిని చూచి ఎంచి పెట్టారు. నాలుగు వారాల తరువాత చూస్తే ఫోను వారు కొంత ఎక్కువ క్రమముగా చేశారు. ఇక్కడ ఒక సంగతి మనము దాటిపోరాదు. ఆ ఫోను గుంపుకు మధ్యలో పలకరింపులు, సందేశములు కూడా అందేవి. మా మట్టుకు మాకు ఆ పలకరింపే సగము పని చేసిందనిపిస్తుంది. ఎవరూ అడగకపోతే ఏ వ్యాయామమైనా మూడవ వారానికి ఆగిపోతుంది. మొదటి వారము నొప్పి గుర్తు చేస్తుంది, నొప్పి తగ్గాక గుర్తు చేసేవారు కావాలి.

మన ఇళ్లలో అది కష్టమేమీ కాదు. కోడలు అన్నము వడ్డిస్తూ "అత్తయ్యా, ఇవాళ చేశారా?" అని అడగవచ్చును. అక్షరములు రాని నాయనమ్మ పక్కన నాలుగవ తరగతి మనుమరాలు కాగితము పట్టుకొని కూర్చుని, "నాయనమ్మా, ఇంకా మూడు సార్లు ఉన్నాయి" అని లెక్కపెట్టవచ్చును. ఏ ఫోనూ చేయలేని సేవ ఇది. స్త్రీల సమాజములో కలిసినప్పుడు కూడా "నడుము ఎలా ఉన్నది?" అనేదానితో ఆపకుండా "వ్యాయామము సాగుతున్నదా?" అని అడుగుట మంచిది.

మేము ఇచ్చే సలహా ఇది. ముందు డాక్టరుకు, తరువాత ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. ఆయన ఎంచిన మూడు నాలుగు వ్యాయామములను అక్కడే, ఆయన ఎదుటే చేసి చూపండి. చేస్తున్నప్పుడు ఆయన అనుమతితో వెంట వెళ్లిన పిల్లవాడు తన ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీయాలి. అందులో కనబడేది మీ నడుమే, వినబడేది మీ నడుమును చూచినవారి మాటే. దానికి డేటా కూడా అక్కరలేదు. కాగితము మీద మీ పేరు, రోజుకు ఎన్నిసార్లు, ఏది చేయరాదు అన్నవి తెలుగులో వ్రాయించుకోండి. దానిని వాక్య క్యాలెండరు పక్కన గోడకు తగిలించి, చేసిన రోజున పెన్సిలుతో గీత పెట్టుకోండి. మర్చిపోయిన కదలికను వీడియోలో చూచుకోండి.

ఇంట్లో ఒక గురుతు కనిపెడుతూ ఉండాలి. వ్యాయామము చేసేటప్పుడు పాదములో, పిక్కలో ఉన్న నొప్పి పైకి పాకి నడుము దగ్గరకు చేరితే, నడుములో కాస్త ఎక్కువైనా అది మంచి దారి. నొప్పి నడుము నుండి క్రిందికి, పాదము వైపు దిగితే ఆ వ్యాయామమును ఆపి, ఇచ్చినవారిని అడగాలి. కాగితము మీద సాధారణముగా ఈ మాట ఉండదు, వీడియోలలో ఉన్నా వేగముగా దాటిపోతారు.

కొన్ని లక్షణములకు కాగితమూ వద్దు, ఫోనూ వద్దు. మూత్రము బిగిసిపోవుట లేక తెలియకుండా పోవుట, కూర్చునే చోట, తొడల మధ్య స్పర్శ తెలియకపోవుట, రెండు కాళ్లూ బలహీనపడుట, పాదము పైకి లేవక నేలకు ఈడ్చుకుపోవుట. వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రి అయినా సరే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. నరములు నలిగిపోతున్నప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. జ్వరముతో, బరువు తగ్గుటతో పాటు నడుము నొప్పి ఉంటే వెన్నుపూస క్షయ వంటివి ఉన్నవేమో పరీక్ష చేయించాలి. ఇటువంటి వారిని "ప్రార్థన చేద్దాము, తెల్లవారనివ్వండి" అని ఆపుట తగదు. దారిలో కూడా ప్రార్థించవచ్చును.

వ్యాయామము చేస్తే విశ్వాసము తక్కువైనట్టా అని కొందరు పెద్దలు అడుగుతారు. పద్దెనిమిది ఏళ్లు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు స్వస్థపరచిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయములో ఉన్నది. నాలుగు సువార్తలలో దానిని వ్రాసినది లూకా ఒక్కడే, ఆయన వైద్యుడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు ఆయనను వైద్యుడనే పేర్కొన్నాడు, ప్రియమైనవాడని కూడా. మాకు ఆ ప్రశ్న అంతటితో తీరిపోయినది.

చివరిగా కూలికి వెళ్లే తల్లుల మాట. "పది రోజులు వంగవద్దంటే తిండి ఎలాగండీ?" అని వారు అడిగేది న్యాయమే. నాట్ల కాలములో పని మానుట కుదరనివారు డాక్టరుతో, ఫిజియోథెరపిస్టుతో ఆ మాట దాచకుండా చెప్పాలి. వెనుకకు వంగితే నెమ్మదించే నడుము అని వారు తేల్చినట్లయితే, గంటకొకసారి గట్టు మీద నిలువుగా నిలబడి, రెండు చేతులూ నడుముకు ఆన్చి, మెల్లగా అయిదారు సార్లు వెనుకకు వంగి రావచ్చును. దానికి చాప అక్కరలేదు, ఫోను అక్కరలేదు. మేస్త్రీ కసిరితే, పక్క వరుసలోని అక్కలు కూడా కలిసి నిలబడండి. అయిదారుగురు ఒకేసారి నడుము ఎత్తితే కసిరే నోరు కాస్త తగ్గుతుంది.