గుడ్డు ముదిరితే బదనికకు చోటు లేదు

ఇతర పురుగుల గుడ్లలో పెరిగే బదనిక, ట్రైకోగ్రామా కందిరీగ, అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే పెద్దదిగా కనిపిస్తుంది. భూతద్దం పట్టి చూస్తే దాని పనితనం తెలుస్తుంది. రెక్కల పురుగు పెట్టిన గుడ్డు ఎక్కి, అటూ ఇటూ నడుస్తూ, మీసాలతో పెంకును తట్టి చూస్తుంది. ఆ నడకలోనే గుడ్డు సైజును అంచనా వేస్తుందనీ, మరో కందిరీగ ముందే వచ్చి వెళ్లిందేమో పసిగడుతుందనీ కేంబ్రిడ్జిలో కీటక శాస్త్రవేత్త జార్జ్ సాల్ట్ 1930లలోనే ప్రయోగాలు చేసి చూపాడు. తర్వాత సూదిలాంటి అవయవంతో పెంకుకు రంధ్రం చేసి, తన గుడ్డును లోపలికి దించుతుంది.

దించాలా వద్దా అనే నిర్ణయంలో గుడ్డు వయసుది పెద్ద పాత్ర. అప్పుడే పెట్టిన గుడ్డులో ఉండేది దాదాపు అంతా సొనే. తల్లి కందిరీగ గుడ్డుతో పాటు వదిలే విషం పిండం ఎదుగుదలను ఆపి, లోపలి సరుకును పిల్ల తాగగలిగే జావగా మారుస్తుంది. రెండు మూడు రోజులు దాటితే కథ మారిపోతుంది. సొన కరిగి పిండమవుతుంది. తల గట్టిపడి, పెంకులోంచే నల్లగా కనిపిస్తుంది. ఆ గట్టి కణజాలం బదనిక పిల్లకు అరగదు. అందుకే ముదిరిన గుడ్లను తల్లి తరచు వదిలేస్తుంది, వదలకపోయినా బయటికొచ్చే పిల్లలు తక్కువ, చిన్నవి.

ఆడా మగా లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. ఈ జాతిలో ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడది, జరగనిది మగది అవుతుంది. ఏ గుడ్డుకు వీర్యం వదలాలో తల్లి చేతిలోనే ఉంటుంది. మంచి తిండి దొరికే చోట ఆడపిల్లను, నాసిరకం చోట మగపిల్లను పెట్టడం ఈ కందిరీగల్లో తరచు కనిపించే పద్ధతి. పొలంలో పురుగు గుడ్లను వెతికి పట్టేది ఆడదే కాబట్టి, రైతుకు ఇది చిన్న విషయం కాదు.

గుడ్డు తాజాగా ఉండాలనే సంగతిని ప్రయోగశాలలు ఎప్పుడో గ్రహించాయి. ఈ కందిరీగలను పొలంలో వదలడానికి కట్టే ట్రైకో కార్డుల తయారీలో వాడేది జొన్న నూకలో పెంచిన కార్సైరా పురుగు గుడ్లు. ఒక్కరోజు లోపు తాజా గుడ్లను కార్డుకు జిగురుతో అంటించి, అతినీలలోహిత కాంతిలో పెట్టి పిండాన్ని చంపేసి, కందిరీగలకు అందిస్తారు. పిండాన్ని చంపకపోతే బదనిక చేరని గుడ్ల నుంచి కార్సైరా పిల్లలు బయటికొచ్చి, బదనిక చేరిన గుడ్లను తినేస్తాయి. బదనిక చేరిన గుడ్లు మూడు నాలుగు రోజుల్లో నల్లబడతాయి. కార్డు నల్లగా ఉందంటే పని జరిగిందన్నమాట.

వరి కాండం తొలుచు పురుగు దగ్గర చిక్కు ఇంకో రకం. అది గుడ్ల కుప్పను తన ఒంటి నూగుతో కప్పేస్తుంది. టెలినోమస్ జాతి కందిరీగలు కొన్ని దీనికి అద్భుతమైన ఉపాయం కనిపెట్టాయి: తల్లి పురుగు తోక దగ్గరి నూగు పట్టుకుని దానితోనే ఎగిరి వెళ్తాయి, గుడ్డు పడీపడగానే పని మొదలుపెడతాయి. టెట్రాస్టికస్ అనే మరో కందిరీగకు ఆ తొందర లేదు. దాని పిల్ల ఒక గుడ్డు తిని పక్క గుడ్లలోకీ పాకుతుంది కాబట్టి, కాస్త ముదిరినవీ దానికి పనికొస్తాయి.

మనం వదిలే ట్రైకోగ్రామాకు ఆ వెసులుబాటు లేదు. అందుకే మొవ్వు ఎండిపోయాక కార్డులు కట్టడం నాకు బాధ కలిగిస్తుంది. మొవ్వు ఎండిందంటే గుడ్డు పగిలి, పురుగు కాండంలో చేరిపోయింది. కార్డు కట్టాల్సింది లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు పడటం మొదలైనప్పుడు. హెక్టారుకు లక్ష దాకా కందిరీగలను, వారం వారం విడతలుగా వదలాలనే సిఫారసుకూ కారణం ఇదే: పురుగు రోజూ కొత్త గుడ్లు పెడుతూనే ఉంటుంది. కార్డును ముక్కలు చేసి, ఎండ ముదరకముందో సాయంత్రమో ఆకు అడుగున గుచ్చాలి. కట్టిన వారం రోజులు పురుగుమందు జోలికి పోవద్దు, అది ముందుగా చంపేది ఈ కందిరీగనే.