బడిలో నెట్ రాకపోతే ముందు అడ్రసు చూడండి

మన తెలుగు క్లాసు వారానికి రెండు గంటలే. అందులో ఇరవై నిమిషాలు "నెట్ రావట్లేదు, ప్రింటర్ కనపడట్లేదు" అంటూ పోతే ఆ వారం పిల్లల గుణింతం సగంలోనే ఆగిపోతుంది. ఆఫీసు గదిలోని రౌటర్, ప్రింటర్, నాలుగైదు ల్యాప్‌టాప్‌లు కలిస్తే ఒక చిన్న నెట్‌వర్క్. దాని తిప్పల్లో చాలావరకు అడ్రసు దగ్గర వచ్చేవే. కంప్యూటర్ ఉద్యోగం చేసేవాళ్లే చూడాలని లేదు, ఎవరైనా చూడొచ్చు.

అడ్రసు అంటే ఏమిటి?

ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రసు ఉంటుంది, ఉదాహరణకు 192.168.1.25. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అయితే మొదటి మూడు సంఖ్యలు వీధి పేరు, చివరిది ఇంటి నంబరు అనుకోండి. ఒకే వీధిలోవి నేరుగా మాట్లాడుకుంటాయి. వీధి దాటాలంటే గేట్‌వే, అంటే మన రౌటర్, దారి ఇవ్వాలి. ఈ నంబర్లు పంచేది కూడా రౌటరే. ఆ పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే మీ అడ్రసు కనిపిస్తుంది.

ఏం కనిపిస్తే ఏం చేయాలి?

1. 169.254తో మొదలైతే: రౌటర్ నుంచి నంబరు రాలేదు. కేబుల్ చూడండి, వైఫై ఆపి మళ్లీ వేయండి. ముందు వచ్చినవాళ్లకు నెట్ వచ్చి, ఆలస్యంగా వచ్చినవాళ్లకే రాకపోతే నంబర్లు అయిపోయి ఉండొచ్చు. పిల్లల్ని దింపడానికి వచ్చిన అమ్మానాన్నల ఫోన్లూ తలా ఒకటి తీసుకుంటాయి. గడువు 24 గంటలు పెట్టి ఉంటే, వాళ్లు వెళ్లిపోయినా ఆ నంబరు వెంటనే ఖాళీ అవ్వదు. రౌటర్‌లో గడువును రెండు గంటలకు తగ్గించండి.

2. అందరిదీ 192.168.1, ఒకరిది 192.168.0 అయితే: ఆ ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉండొచ్చు, లేదా ఎవరో రెండో రౌటర్ తగిలించి ఉండొచ్చు. వైఫై మార్చి చూడండి, అదనపు రౌటర్ ఉంటే తీసేయండి.

3. నెట్ ఉన్నా ప్రింటర్ కనపడకపోతే: ప్రింటర్ నంబరు మారిందేమో చూడండి. రౌటర్‌లోనే ప్రింటర్ పేరిట ఒక నంబరు రిజర్వు చేయండి. ప్రింటర్‌లో మాత్రం తోచిన నంబరు ఎక్కించొద్దు. అదే నంబరు రౌటర్ ఇంకొకరికి ఇస్తే రెండూ మొరాయిస్తాయి.

4. అడ్రసు సరిగానే ఉండి సైట్లు తెరుచుకోకపోతే: పింగ్ 8.8.8.8 కొట్టండి. జవాబు వస్తే లైను బాగుంది, పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్‌లో తేడా ఉందన్నమాట. ఎవరైనా చేత్తో డీఎన్‌ఎస్ మార్చి ఉంటే తిరిగి ఆటోమేటిక్‌లో పెట్టండి.

రౌటర్ వెనక రీసెట్ గుంటలో పిన్ను గుచ్చొద్దు, సెట్టింగులన్నీ పోతాయి. మార్చినది ఏదైనా తేదీతో రౌటర్ పక్కనున్న నోటుపుస్తకంలో రాయండి, వచ్చే వారం వచ్చే టీచరుకు అదే ఆధారం. ఐదు నిమిషాల్లో తేలకపోతే వదిలేసి పలకా బలపం తీయండి. పాఠం ఆగకూడదు.